గోడలోంచి వచ్చిన నెట్ వైరు ఒక్కటే ఉందా? లాప్‌టాప్ నుంచి ఫోన్‌కి వైఫై ఇలా ఇవ్వండి

కూకట్‌పల్లిలో మేం అద్దెకు దిగిన పోర్షన్ గ్రౌండ్ ఫ్లోర్. చుట్టూ మూడంతస్తుల ఇళ్లు. హాల్లోకి రాగానే ఫోన్‌లో సిగ్నల్ ఒక గీతకి పడిపోతుంది, బెడ్రూమ్‌లో అదీ ఉండదు. పైన ఓనర్ ఆంటీ వాళ్లింట్లో రౌటర్ ఉంది కానీ మధ్యలో స్లాబు. ఆ వైఫై మెట్ల దగ్గరే ఆగిపోయేది. "ఒక వైరు కిందికి వదులుతాను, లాప్‌టాప్‌కి పెట్టుకో నాన్నా" అన్నారావిడ. కిటికీ సందులోంచి వైరు వచ్చింది, లాప్‌టాప్‌లో నెట్ పరిగెత్తింది. పక్కనే ఉన్న ఫోన్ మాత్రం వాట్సాప్‌లో ఒక ఫొటో తెరవడానికి కూడా ఆపసోపాలు పడుతూనే ఉంది.

ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి లాప్‌టాప్‌కి నెట్ ఇవ్వడం ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాన్ని తిరగేసి, వైరుతో లాప్‌టాప్‌లోకి వచ్చే నెట్‌ని గాల్లోకి వదిలి ఫోన్‌కి అందించవచ్చని మాత్రం చాలామంది అనుకోరు. దీనికి రౌటర్ కొనక్కర్లేదు, ఏ సాఫ్ట్‌వేరూ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. ఆ రెండో మాట గట్టిగా చెబుతున్నాను. "ఫ్రీ హాట్‌స్పాట్" అని వెతికితే దొరికేవాటిలో సగం ప్రకటనలతో చంపుతాయి, మిగతావి బ్రౌజర్ హోమ్ పేజీని కూడా మార్చేసి కూర్చుంటాయి. విండోస్ 10లో 2016 నుంచి ఈ సదుపాయం లోపలే ఉంది, విండోస్ 11లోనూ ఉంది.

ముందు వైరు సంగతి చూడండి

లాన్ వైరు చివర ఉండే ప్లాస్టిక్ జాక్‌ని లాప్‌టాప్‌లో పెట్టినప్పుడు "టిక్" అని వినపడాలి. ఆ జాక్ మీద సన్నటి క్లిప్పు ఒకటి ఉంటుంది, పది సార్లు తీసి పెడితే విరిగిపోయేది అదే. విరిగిందంటే వైరు పెట్టినట్టే కనిపిస్తుంది కానీ లాప్‌టాప్ కాస్త కదిలితే నెట్ పోతుంది. మీరేమో సెట్టింగ్స్‌లో గంటసేపు వెతుకుతూ కూర్చుంటారు. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. చివరికి కేబుల్ పని చేసే అబ్బాయి వచ్చి కొత్త జాక్ కొట్టి వెళ్లాడు, అయిదు నిమిషాల పని. పోర్టు పక్కన చిన్న లైటు ఉండే లాప్‌టాప్ అయితే అది వెలుగుతోందో లేదో చూడండి. వెలగకపోతే గొడవ వైరులోనో అవతలి చివరో ఉన్నట్టు, ఇంకా సెట్టింగ్స్ దాకా రాలేదు.

పలచటి కొత్త లాప్‌టాప్‌లకు లాన్ పోర్టే ఉండదు. వాటికి యూఎస్‌బీ నుంచి లాన్‌కి మార్చే అడాప్టర్ కావాలి. కొనేటప్పుడు యూఎస్‌బీ 3.0, గిగాబిట్ అని రాసి ఉన్నదే తీసుకోండి. చవకగా దొరికే యూఎస్‌బీ 2.0 రకాలు ఎక్కువగా 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతాయి. మీ ప్లాన్ అంతకంటే తక్కువదైతే అదీ చాలు.

వైరు పెట్టాక లాప్‌టాప్ వైఫైని ఏ నెట్‌వర్క్‌కీ కలపకుండా ఒక వెబ్‌సైట్ తెరిచి చూడండి. తెరుచుకుందా, వైరులో నెట్ ఉన్నట్టే. లాప్‌టాప్‌కే నెట్ రాకపోతే ఫోన్‌కి పంచడానికి ఏముంటుంది!

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "వైరు ఉంది కదా, వైఫై ఎందుకు" అని వైఫై ఆఫ్ చేసేస్తారు, లేదా ఏరోప్లేన్ మోడ్ ఆన్‌లోనే ఉంచేస్తారు. వైరు లోపలికి వచ్చే దారి, వైఫై బయటికి వెళ్లే దారి. వైఫై ఏ నెట్‌వర్క్‌కీ కలిసి ఉండక్కర్లేదు, కానీ ఆన్‌లో ఉండి తీరాలి.

విండోస్‌లో ఆన్ చేయడం

విండోస్ బటన్, ఐ అక్షరం కలిపి నొక్కండి, సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. అందులో "నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్", దానిలో "మొబైల్ హాట్‌స్పాట్". పేరు చూసి ఇది ఫోన్‌కి సంబంధించిందేమో అనుకోకండి, మనకి కావాల్సింది ఇదే.

పైనే కనిపించే స్విచ్‌ని వెంటనే నొక్కేయకండి. ముందు మూడు విషయాలు సరి చేయాలి.

"షేర్ మై ఇంటర్నెట్ కనెక్షన్ ఫ్రమ్" అన్న చోట "ఈథర్‌నెట్" ఎంచుకోండి. వైరు నెట్‌కి విండోస్ పెట్టిన పేరు అది. లాప్‌టాప్‌లో పాత అడాప్టర్లు, వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్లు) ఉంటే ఆ జాబితాలో "ఈథర్‌నెట్ 2", "ఈథర్‌నెట్ 3" అని కూడా కనిపించవచ్చు. నిజంగా నెట్ వస్తున్నది ఏదో దాన్నే ఎంచుకోవాలి. తేల్చుకోలేకపోతే వైరు ఒక్కసారి పీకి చూడండి, జాబితాలోంచి ఏది మాయమైతే అది మీది.

"షేర్ ఓవర్" దగ్గర "వైఫై" ఉంచండి. బ్లూటూత్ అని ఇంకోటి కూడా ఉంటుంది. అది పని చేస్తుంది గానీ మెసేజ్‌లు రావడానికి తప్ప వీడియోలకు పనికిరాదు.

తర్వాత "ప్రాపర్టీస్" కింద "ఎడిట్" నొక్కితే నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, బ్యాండ్ కనిపిస్తాయి. విండోస్ తనంతట తాను పెట్టిన పేరు లాప్‌టాప్ పేరుతో కలిసి పొడుగ్గా ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో పది నెట్‌వర్క్‌ల మధ్య వెతుక్కోకుండా చిన్న పేరు పెట్టుకోండి. పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు ఉండాలి. పుట్టిన తేదీ, ఫోన్ నంబరు వద్దు. పక్కింటి పిల్లలు ముందుగా కొట్టి చూసేవి అవే.

బ్యాండ్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి కాస్త దూరం వెళ్తుంది, కానీ నెమ్మది. పైగా అపార్ట్‌మెంట్‌లో అందరి రౌటర్లూ అందులోనే గుమిగూడి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, ఒక గోడ అడ్డం వస్తే నీరసపడుతుంది. లాప్‌టాప్ పక్కనే కూర్చుని ఫోన్ వాడేవాళ్లు 5 పెట్టుకోండి. లాప్‌టాప్ హాల్లో, ఫోన్ వంటింట్లో అయితే 2.4 మేలు. ఇంట్లో పాత ఫోన్ ఉండి దానికి 5 గిగాహెర్ట్జ్ రాకపోతే మీ నెట్‌వర్క్ పేరే అందులో కనిపించదు. "నా ఫోన్‌లో వచ్చింది, అమ్మ ఫోన్‌లో రావట్లేదు" అన్న గొడవకి ఎక్కువసార్లు కారణం ఇదే.

సేవ్ చేసి, ఇప్పుడు పైనున్న స్విచ్ ఆన్ చేయండి. ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే మీరు పెట్టిన పేరు కనిపిస్తుంది. పాస్‌వర్డ్ కొట్టండి. ఫోన్ కలిసిన కాసేపటికి లాప్‌టాప్‌లో అదే పేజీలో "1 ఆఫ్ 8" అని, కింద ఫోన్ పేరు, దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు) కనిపిస్తాయి. ఒకేసారి 8 పరికరాల వరకూ కలపవచ్చు. మీకు తెలియని పేరు ఆ జాబితాలో కనిపిస్తే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

ఒకసారి సెట్ చేసుకున్నాక రోజూ ఇంత తతంగం ఉండదు. స్క్రీన్ కింద కుడి మూలన ఉన్న నెట్ గుర్తు మీద నొక్కితే వచ్చే పలకల్లో "మొబైల్ హాట్‌స్పాట్" ఉంటుంది. లాప్‌టాప్ రీస్టార్ట్ చేసినప్పుడు హాట్‌స్పాట్ ఆగి ఉంటే అక్కడ ఒక్క నొక్కు చాలు.

నిజంగా వైఫైలోనే వస్తోందా?

ఫోన్‌లో మొబైల్ డేటా ఆఫ్ చేసి చూడండి. వైఫై గుర్తు కనిపిస్తోంది కదా అని నమ్మేస్తే మోసపోతాం. వైఫైలో నెట్ అందకపోతే కొన్ని ఫోన్లు చప్పుడు చేయకుండా సిమ్ డేటాకి మారిపోతాయి. మొబైల్ డేటా తీసేశాక వీడియో ఆడితే పని అయినట్టే.

ఇంతకీ లోపల జరిగేదేమిటంటే, లాప్‌టాప్ ఒక చిన్న రౌటర్‌లా మారుతుంది. తనకి 192.168.137.1 అనే అడ్రస్ పెట్టుకుని, ఫోన్‌కి అదే వరుసలో ఒక నంబరు ఇస్తుంది. ఫోన్ అడిగినవన్నీ తన పేరు మీద బయటికి పంపి, వచ్చిన జవాబుని ఫోన్‌కి అందిస్తుంది. పైనున్న రౌటర్‌కి మీ ఫోన్ ఉన్నట్టే తెలియదు, దానికి కనిపించేది లాప్‌టాప్ ఒక్కటే. ఈ సంగతి గుర్తుంచుకుంటే కింద చెప్పబోయేవి తేలిగ్గా అర్థమవుతాయి.

ఉన్నట్టుండి ఆగిపోతోందా?

నా మొదటి రాత్రి కథ చెబుతాను. పడుకునే ముందు ఫోన్‌లో పెద్ద డౌన్‌లోడ్ ఒకటి పెట్టి నిద్రపోయాను. పొద్దున లేచేసరికి ఆ రోజు 1.5 జీబీ డేటా మొత్తం అయిపోయిందని మెసేజ్. రాత్రి ఎప్పుడో వైఫై పోయింది, ఫోన్ సిమ్ డేటాతో ఆ డౌన్‌లోడ్‌ని దిగ్విజయంగా పూర్తి చేసింది. అన్నట్టు, బెడ్రూమ్‌లో సిగ్నల్ లేదన్నాను కదా, ఆ రాత్రి ఫోన్ కిటికీ గట్టు మీద ఉంది. నా ఖర్మ.

లాప్‌టాప్ నిద్రలోకి జారుకోవడమే దీనికి మొదటి కారణం. స్లీప్‌లోకి వెళ్లిందంటే హాట్‌స్పాట్ పోయినట్టే. సెట్టింగ్స్‌లో "సిస్టమ్", దానిలో పవర్‌కి సంబంధించిన పేజీకి వెళ్లి, ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ ఎన్ని నిమిషాలకో చూసి "నెవర్" పెట్టండి. స్క్రీన్ మాత్రం ఆరిపోనివ్వండి, దానితో ఇబ్బంది లేదు. మూత మూసినా హాట్‌స్పాట్ ఉండాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో "పవర్ ఆప్షన్స్" తెరిచి, ఎడమవైపు మూత మూస్తే ఏం చేయాలో అడిగే చోట "డూ నథింగ్" ఎంచుకోండి. అలా పెట్టిన లాప్‌టాప్‌ని మంచం మీద, దుప్పటి మీద వదలొద్దు. మూత మూసి ఉన్నా అది పని చేస్తూనే ఉంటుంది, వేడి పోవడానికి దారి ఉండాలి. బల్ల మీద పెట్టండి.

రెండో కారణం హాట్‌స్పాట్ పేజీలోనే "పవర్ సేవింగ్" పేరుతో ఉంటుంది. ఏ పరికరమూ కలిసి లేకపోతే సుమారు 5 నిమిషాలకు హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోతుంది. ఫోన్ పట్టుకుని కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి వైఫై లేకపోవడం వెనక రహస్యం ఇదే. దాన్ని ఆఫ్ చేసేయండి.

కరెంటు పోయినప్పుడు ఇంకో తమాషా. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, ఫోన్‌కీ ఉంది, వైఫై కూడా కనిపిస్తుంది. నెట్ మాత్రం ఉండదు. పైన ఆంటీ వాళ్ల రౌటర్ ఆరిపోయింది కదా. అప్పుడు సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టకండి, ఇన్వర్టర్ ఉందేమో కనుక్కోండి.

ఫోన్ కలిసింది, నెట్ రావట్లేదు

ముందు లాప్‌టాప్‌లో నెట్ ఉందో లేదో మళ్లీ చూడండి. ఉంటే హాట్‌స్పాట్ ఆపి, లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని "ఫర్గెట్" చేసి కొత్తగా కలపండి. నా లెక్కలో పదిలో ఆరు సార్లు ఇక్కడితో తీరిపోతుంది.

తీరకపోతే వీపీఎన్ (మీ నెట్‌ని ఇంకో సర్వర్ మీదుగా పంపే యాప్) చూడండి. లాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఫోన్‌కి వెళ్లాల్సిన నెట్ దారి తప్పవచ్చు. తర్వాత అనుమానించాల్సింది విడిగా వేసుకున్న యాంటీవైరస్‌లోని ఫైర్‌వాల్‌ని, అంటే నెట్ రాకపోకలకు కాపలా కాసే భాగాన్ని. దాన్ని కాసేపు ఆపి చూసి, కారణం అదేనని తేలితే హాట్‌స్పాట్‌ని అనుమతించే సెట్టింగ్ అందులో వెతకండి. తనిఖీ అయ్యాక తిరిగి ఆన్ చేయడం మరిచిపోవద్దు.

ఫోన్ "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అన్న దగ్గరే తిరుగుతూ ఉంటే, ఆ ఫోన్‌లో ఎప్పుడో ఎవరో స్టాటిక్ ఐపీ (చేత్తో కొట్టిన, మారని నంబరు) పెట్టి ఉండవచ్చు. వైఫై వివరాల్లో దాన్ని "డీహెచ్‌సీపీ"కి, అంటే నంబరు దానంతటదే వచ్చే పద్ధతికి మార్చండి. అదీ కాకపోతే లాప్‌టాప్‌లో ఎప్పుడో చేసిన పాత షేరింగ్ అడ్డుపడుతూ ఉండవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల జాబితా తెరిచి, ఈథర్‌నెట్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, "షేరింగ్" ట్యాబ్. అక్కడ టిక్ పెట్టి ఉంటే తీసేసి, ఓకే కొట్టి, హాట్‌స్పాట్ మళ్లీ ఆన్ చేయండి.

స్విచ్ నొక్కగానే "హాట్‌స్పాట్ సెటప్ చేయలేకపోతున్నాం" అని వస్తే వైఫై ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లోనే ఉంటే వైఫై డ్రైవర్ (వైఫైని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) పాతబడి ఉండవచ్చు. లాప్‌టాప్ తయారు చేసిన కంపెనీ సొంత సైటు నుంచి మీ మోడల్‌కి సరిపోయేది దించుకోండి. "డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో" అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

యూజర్‌నేమ్ కొడితేనే నెట్ వస్తుందా?

మా ఇంట్లో వైరు రౌటర్ నుంచి వచ్చింది కాబట్టి పెట్టగానే పని చేసింది. కేబుల్ వాళ్లు నేరుగా ఇంట్లోకి వైరు లాగిన చోట్ల అలా ఉండకపోవచ్చు. లాప్‌టాప్‌లో "బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్" అని ఒకటి తయారు చేసి, వాళ్లిచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి "కనెక్ట్" నొక్కాలి. దీన్ని పీపీపీఓఈ అంటారు. ఇలాంటి కనెక్షన్‌తో విండోస్ హాట్‌స్పాట్ చాలాసార్లు మొరాయిస్తుంది. నెట్ కళ్ల ముందు నడుస్తున్నా "మీ పీసీకి ఈథర్‌నెట్ కనెక్షన్ లేదు" అంటుంది. అడ్డదారులు ఉన్నాయి గానీ ప్రతి విండోస్ అప్‌డేట్ తర్వాతా మళ్లీ మొదటికొస్తాయి. నా సలహా అడిగితే, ఇలాంటి చోట వెయ్యి పైచిలుకు పెట్టి మామూలు రౌటర్ ఒకటి కొనేయండి. ఆ యూజర్‌నేమ్ అందులో ఒక్కసారి కొడితే ఇంటిల్లిపాదికీ వైఫై.

హాస్టళ్లలో పద్ధతి వేరు. వైరు పెట్టగానే బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుంది, రోల్ నంబరు కొట్టాలి. లాప్‌టాప్‌లో ఒకసారి లాగిన్ అయితే సాధారణంగా ఫోన్‌లో మళ్లీ అడగదు, ఎందుకంటే అవతలి వైపుకి కనిపించేది లాప్‌టాప్ ఒక్కటే. అదే కారణంతో, రూమ్మేట్ మీ హాట్‌స్పాట్‌లో ఏం చూసినా ఏం దించినా అది మీ రోల్ నంబరు ఖాతాలోనే పడుతుంది. పాస్‌వర్డ్ ఎవరికి ఇస్తున్నారో చూసుకోండి. కొన్ని కాలేజీల్లో ఇలా పంచుకోవడమే నిషేధం, ముందు ఆ రూల్ చదవండి. ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్‌లో అయితే హాట్‌స్పాట్ స్విచ్ నొక్కడానికి వీల్లేకుండా వెలిసిపోయి కనిపించవచ్చు. అది ఐటీ వాళ్లు వేసిన తాళం, తీయడానికి ప్రయత్నించొద్దు.

మ్యాక్, ఉబుంటు వాళ్లకి

మ్యాక్‌లో "సిస్టమ్ సెట్టింగ్స్", "జనరల్", "షేరింగ్", అందులో "ఇంటర్నెట్ షేరింగ్". దాని పక్కనున్న చిన్న ఐ గుర్తు నొక్కి, ఎక్కడి నుంచి అన్నచోట ఈథర్‌నెట్ లేదా మీ యూఎస్‌బీ లాన్ అడాప్టర్ పేరు, ఎవరికి అన్నచోట వైఫై పెట్టండి. వైఫై ఆప్షన్స్‌లో పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి అప్పుడు ఆన్ చేయండి. ఉబుంటులో ఇంకా సుఖం: సెట్టింగ్స్‌లో వైఫై పేజీకి వెళ్లి, పైన మూడు చుక్కల మెనూలో "టర్న్ ఆన్ వైఫై హాట్‌స్పాట్" నొక్కడమే. ఈ మధ్య వచ్చిన వెర్షన్లలో క్యూఆర్ కోడ్ కూడా చూపిస్తుంది, ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే పాస్‌వర్డ్ కొట్టే పని కూడా ఉండదు.

కలిసింది సరే, ఇక డేటా సంగతి

వైఫై దొరికిందంటే ఫోన్‌కి పండగ. యాప్‌ల అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్ అన్నీ ఒకేసారి మొదలెడుతుంది. మీ వైరు ప్లాన్‌కి నెలవారీ పరిమితి ఉన్నా, మాలాగా ఓనర్ వాళ్ల నెట్ వాడుకుంటున్నా ఇది ఇబ్బందే. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై వివరాల్లోకి వెళ్లి దాన్ని "మీటర్డ్"గా (డేటా లెక్క చూసుకుని వాడాల్సిన నెట్‌గా) మార్చండి, ఐఫోన్‌లో అయితే "లో డేటా మోడ్" ఆన్ చేయండి. ఫోన్ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది.

సిగ్నల్ లేని ఇంట్లో మాకు అన్నిటికంటే ఉపయోగపడింది వైఫై కాలింగ్. ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ వివరాల దగ్గర "వైఫై కాలింగ్" ఆన్ చేస్తే, టవర్ సిగ్నల్ లేకపోయినా మామూలు నంబరుకి మామూలు కాల్స్ ఈ హాట్‌స్పాట్ మీదుగా వెళ్తాయి, వస్తాయి. జియో, ఎయిర్‌టెల్ రెండూ 2020 మొదటికల్లా దీన్ని తెచ్చాయి. మీ ఫోన్ మోడల్‌లో ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. బెడ్రూమ్‌లో కూర్చుని అమ్మతో మాట్లాడుతున్నప్పుడు "ఏంట్రా, ఇవాళ గొంతు తెగిపోకుండా వస్తోంది" అంది.

లాప్‌టాప్ రోజూ ఆఫీసుకి మోసుకెళ్తారా? అయితే పగలంతా ఇంట్లో వాళ్లకి నెట్ ఉండదు. ఇంట్లో మిగిలే ఫోన్ ఒక్కటే అయితే ఇంకో దారి ఉంది. టైప్ సీ లాన్ అడాప్టర్‌ని ఫోన్‌కే తగిలించి, వైరుని నేరుగా అందులో పెట్టండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని గుర్తుపట్టి నెట్ అందుకుంటాయి. ఫోన్‌ని వైరుకి కట్టేసినట్టు ఉంటుంది, అటూ ఇటూ తిరగలేరు. మా ఆవిడ రెండు రోజులు అలా వాడి, మూడో రోజు సాయంత్రం రౌటర్ ఆర్డర్ పెట్టేసింది.